సముద్రానికి ఉగ్గుగిన్నెడు పాలు

దివిసీమ మీదికి సముద్రం నడిచొచ్చిన ఏడు అది. ఉప్పెన శనివారం వచ్చింది. ఆ తర్వాతి శుక్రవారమే కార్తీక పున్నమి. ఆ పున్నమి సాయంత్రం నేను కొండాపూర్ ద్రాక్షతోటలో మా గది నేల మీద చతికిలబడి, ఉప్పునీళ్ల గాజుతొట్టిలో నిలబెట్టిన రెండు గొట్టాల్లో ఏది ముందు నురుగు కక్కుతుందా అని చూస్తూ ఉన్నాను. రెండిట్లో ఒకటి ఉంచుకోవాలి, ఒకటి రేపు కొట్టువాడికి తిరిగి ఇచ్చేయాలి. వాకిట్లో మా ఆవిడ వీరలక్ష్మి తులసికోట ముందు ముగ్గు పెడుతోంది. ముగ్గుగిన్నె నేలకు తగిలినప్పుడల్లా టిక్కుమంటోంది. ఆ చప్పుడు ఆగిందంటే లోపలికి వచ్చేస్తుందని నా చెవి అటే ఉంది. వచ్చేలోగా నీళ్లు కొంచెమైనా తేటపడాలి. తొట్టిలో రెండు చేపలున్నాయి, వేలంత పొడుగు, ఒంటినిండా నల్లచారలు. రెండూ పైకి తేలి నోళ్లు తెరుచుకుని గాలి మింగుతున్నాయి. శంఖంలో కాపురముండే పీత ఒకటి రాయెక్కి కదలకుండా కూర్చుంది. ఆ చేపలను పట్టి తెచ్చి ఇచ్చింది మా ఆవిడ అక్క, మా వదినగారు పుణ్యవతి. ఆమె ఉండేది నాగాయలంక అవతల, సముద్రం ఒడ్డున. ఉప్పెన తర్వాత ఆమె కబురు లేదు. పొద్దున పాలు పోయడానికి వచ్చిన రుక్కమ్మతో మా ఆవిడ అంటుంటే విన్నాను: "ఇవి బతికున్నాయంటే మా అక్కయ్య బతికున్నట్టే రుక్కమ్మా. ఇవి దాని చేతి చేపలు." ఆ మాట విన్నప్పుడు నేను గోడవైపు తిరిగి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను. పెట్టుకున్న గుండీనే మళ్లీ విప్పి పెట్టుకున్నాను.

గాలిమర గుర్రుమంటోంది. నీళ్లలోకి గాలి ఊదే కరెంటు మర, అరచేతిలో పట్టేంత, నల్లటిది, చేపలశాఖలో నేను అటెండరుగా ఉన్నప్పుడు పాడైపోయిందని పారేస్తే తెచ్చి బాగుచేసుకున్నాను. తొట్టీ అక్కడిదే. మూల పగిలితే లక్కతో అతికాను. రిటైరయ్యాక ఈ తోట కాపలా దొరికింది, బావి మోటారు కోసం కరెంటు ఉంది కాబట్టి గదికీ తీగ లాగారు, దాంతో తొట్టి పెట్టుకోగలిగాం. చుట్టూ చూస్తే బండలే. ఏనుగులు పడుకున్నట్టు బండలు, వాటి మధ్య సీతాఫలం పొదలు, తోట దాటితే మళ్లీ బండలు. ఈ రాళ్లలోకి వచ్చిన కొత్తలో వీరలక్ష్మికి నిద్ర పట్టేది కాదు. ఏమిటంటే చెప్పేది కాదు. ఒకరోజు తనే అంది, "హోరు లేదండీ ఇక్కడ" అని. పుట్టినప్పటినుంచి చెవిలో సముద్రం పెట్టుకుని పడుకున్న మనిషి. తొట్టి దులిపి, గాలిమర బిగించి, మంచం పక్కన పెట్టాను. ఆ రాత్రి పడుకుంది. ఇది సముద్రం హోరు కాదు, పిల్లి గురకలా ఉంది అంటూనే పడుకుంది.

నీళ్లు వాళ్లక్క పంపేది. రైల్లో, నల్లడబ్బాల్లో. కిందటి ఎండాకాలం తనే వచ్చింది, ఇత్తడి బిందె ఒళ్లో పెట్టుకుని, మూతికి తడిగుడ్డ కట్టి. నాంపల్లి స్టేషన్లో దిగుతూ నన్ను చూసి, "ఏవయ్యా మరిదీ, ఇంకా మాటలు రాలేదా నీకు?" అంది. ఆమెది గట్టి గొంతు, ప్లాట్‌ఫారం అంతా తిరిగి చూసింది. బిందెలో ఏమిటని టిక్కెట్ల బాబు అడిగితే, "మా చెల్లెలి పిల్లలు" అందట. వాడు మూత తీయించి చూసి, పిల్లలకు టిక్కెట్టు అడగలేదు. బస్సు దొరకలేదు, జూబ్లీహిల్స్ దాటాక ఎద్దుబండి. దారంతా బిందెలోకి తొంగి చూస్తూ "ఓర్చుకోండి, వచ్చేశాం, వచ్చేశాం" అంటూనే ఉంది. ఎవరికి అలసటో ఎవరిని ఓదారుస్తోందో తెలియలేదు. ఉన్నన్నాళ్లూ అక్కచెల్లెళ్లిద్దరూ తొట్టి ముందు కూర్చుని పీతను చూసి నవ్వుకునేవాళ్లు. అది ఒక శంఖం వదిలి ఇంకో శంఖంలో దూరడం చూసి, "చూశావటే, కిరాయి ఇల్లు మారుతోంది" అనేది వదిన. ఆమె నవ్వితే గది చిన్నదైపోయేది. ఇప్పుడు ఆ నవ్వు ఎక్కడుందో. రేడియోలో ఊళ్ల పేర్లు చదువుతున్నారు. ఆమె ఊరి పేరు వస్తుందేమోనని మా ఆవిడ రేడియో దగ్గర, రాకూడదని నేను గుమ్మం దగ్గర. తంతి ఇచ్చాను, జవాబు లేదు. తీగలు తెగిపోయాయన్నారు. బెజవాడ దాటి దారి లేదన్నారు. అది మొదటి రెండు మూడు రోజుల మాట. తర్వాత దారి ఇచ్చారు, పక్కతోట ఎల్లేశం పేపరు చదివి చెప్పాడు. నేను విననట్టే ద్రాక్షతీగలకు నీళ్లు పెట్టాను. వెళ్తే తెలిసిపోతుంది. తెలిసిపోయాక ఈ గదిలోకి ఎలా రావాలి.

గాజుగొట్టంలో బుడగలు లేచాయి. సన్నగా, పొగలాగా. ఇది జర్మనీది. కింద తెల్లటి రాయి బిళ్ల, దాని చిల్లులు కంటికి కనపడవు. పక్కన ఉన్నది మదరాసులో ఎవరో ఇంట్లో కూర్చుని చేసిన ప్లాస్టిక్ గొట్టం, కింద చెక్కముక్క, పైన మందుల డబ్బాలాంటి గిన్నె. దాంట్లో బుడగలు లావుగా, తొందర లేకుండా వస్తున్నాయి. గొట్టంలోకి గాలి వదిలితే నీళ్లలో కలిసిన జిడ్డు, పాచి, చేపల మైల అన్నీ బుడగలకు అంటుకుని నురుగై పైకి ఎక్కుతాయి, పై గిన్నెలో పడతాయి, తీసి పారబోయాలి. శాఖలో ఉండగా చూశాను కానీ ఇంటికి కావాలని ఎప్పుడూ అనుకోలేదు. నీళ్లు పాతబడితే కొత్తడబ్బా వచ్చేది. ఇప్పుడు సముద్రమూ ఉంది, డబ్బాలూ ఉన్నాయి, పంపే చెయ్యి ఏమైందో తెలియదు. ఇంట్లో మిగిలిన సగం డబ్బా పొద్దునే పోసేశాను. అయినా తెలుపు విరగలేదు.

పాలు. పొద్దున పంపుసెట్టు ఆపి వచ్చేసరికి మా ఆవిడ తలంటుకుని, తడిజుట్టు ముడేసుకుని, తొట్టి ముందు కూర్చుని ఉంది. కార్తీక పున్నమికి వాళ్ల ఊళ్లో ఆడవాళ్లంతా సముద్రంలో మునిగి, పసుపు కుంకుమ వేసి, పాలు పోసి, చల్లగా చూడమని మొక్కుతారు. ఇక్కడ సముద్రం ఎక్కడుంది? ఉన్నది ఇదే. తొట్టి నీళ్ల మీద చిటికెడు పసుపు, చిటికెడు కుంకుమ, రెండు బంతిరేకులు. ఆమె చేతిలో వెండి ఉగ్గుగిన్నె. మా ఇంట్లో ఉగ్గుగిన్నె ఎందుకుందో ఇక్కడ రాయను. అది కూడా వదినగారు చేయించిందే, చాలా ఏళ్ల కింద. మా ఆవిడ దాన్ని పెట్టె అడుగునుంచి ఎప్పుడో గాని తీయదు. ఆ గిన్నెతో పాలు వంచి, "శాంతించు నాయనా, చాల్లే, శాంతించు" అంటోంది. పాలు నీళ్లలోకి దారంలాగా దిగి, దారం విడిపోయి, మబ్బయ్యాయి. నేను గుమ్మంలో నిలబడ్డాను. వద్దు అనేలోపు గిన్నె ఖాళీ అయింది. ఉప్పునీళ్లలో పాలు విషం, విరిగి కుళ్లి నీళ్లలోని ఊపిరి తినేస్తాయి. అది నాకు తెలుసు, ఆమెకు తెలియదు. చెప్పాలంటే ఒక్క మాట. చెబితే తన చేత్తో తనే వాళ్లక్కను చంపుకున్నానని కూర్చుంటుంది. లేచి నా వైపు చూసి, "దండం పెట్టుకోండి" అంది. పెట్టుకున్నాను. మధ్యాహ్నానికి చేపలు పైకొచ్చాయి. "ఏమండీ, ఎందుకట్లా నోళ్లు తెరుస్తున్నాయి? కోపం తగ్గలేదా ఆయనకి?" అని అడిగింది. పట్నం వెళ్లొస్తానని మాత్రం చెప్పి బయల్దేరాను.

మొజంజాహీ మార్కెట్ వెనక సందులో నర్సింహ చేపల కొట్టు. రంగు చేపలు, ఎర్ర పురుగులు, గాజుతొట్లు, ఒక చిలుక. నన్ను చూడగానే, "ఏంది పెద్దాయన, పండుగ పూట గిట్ల ఉరుక్కుంట వచ్చినవ్?" అన్నాడు. తొట్టిలో పాలు పడ్డాయన్నాను. "పాలా? చేపలకు పాలు తాపుతరా మీ దిక్కు?" అని నవ్వి, నా మొహం చూసి నవ్వు ఆపాడు. లోపల్నుంచి రెండూ తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇది జర్మనీ మాల్. ఫ్యాక్టరీ పెట్టనీకి వచ్చిన దొర పోతపోత అమ్మిండు. ఇది మదరాసుది, చవక. ప్రొటీన్ స్కిమ్మర్ అంటరు దీన్ని. పేరుకు పరేషాన్ గాకు, మీగడ తీసే గొట్టమనుకో." ఏది మంచిదన్నాను. "నన్నడిగితే జర్మనీదంట. నా చిల్కనడిగినా గదే అంటది. నేర్పిన." కాసేపు తల గోక్కుని, "రెండూ తీస్కపో. నీళ్లల్ల పెట్టి చూడు. పనిజేసింది ఉంచుకో, రెండోది రేపు తెచ్చియ్యి. పైసలు గూడ రేపే ఇయ్యి. జర్మనీది పలిగితే మాత్రం కొట్టూ నేనూ చిల్కా నీ ఇంటికే వస్తం" అన్నాడు. తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. ఒళ్లో బిందె పెట్టుకున్న వదినగారు గుర్తొచ్చింది. ఓర్చుకోండి, వచ్చేశాం, వచ్చేశాం.

గాజుగొట్టం నురుగు కట్టింది. తెల్లగా, సన్నగా, కాచిన పాల మీది పొంగులాగా మెల్లగా ఎక్కుతోంది. చవకది ఇంకా నీళ్లు ఎగరేసుకుంటూ ఆడుతోంది. చూస్తున్నకొద్దీ తేలిపోతోంది, జర్మనీదే పనిమంతురాలు. నా ట్రంకు పెట్టెలో ఉన్న డబ్బు ఒక్క పెద్ద ఖర్చుకే సరిపోతుంది. జర్మనీది కొంటే పెట్టె ఖాళీ. చవకది కొంటే రైలు ఛార్జీ మిగులుతుంది. ఎక్కడికి ఛార్జీ అని నన్ను నేను అడగలేదు. అడక్కుండానే ఆ మాట వచ్చి పక్కన కూర్చుంది. చేపలు గాలి మింగుతున్నాయి. చిన్నది కొంచెం పక్కకు ఒరిగింది. బయట టిక్కుమన్న చప్పుడు ఆగింది. ఆమె పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు, చంద్రుడు వచ్చాక దీపాలు వెలిగించి గాని తినదు. ఒత్తులు నేతిలో ముంచుతోంది కాబోలు, వాసన వస్తోంది. గాజు గిన్నెలో మొదటి చుక్క నురుగు పడింది. అబ్బ అనుకున్నాను. అనుకున్నానో లేదో కరెంటు పోయింది.

గుర్రు ఆగింది. ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండగలదని నాకు తెలియదు. రెండు గొట్టాల్లో ఎక్కిన నురుగు చల్లగా కిందికి జారిపోతోంది, తీసిన మైల తిరిగి నీళ్లలోకే. కొండాపూర్‌లో కరెంటు పోయిందంటే ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. కిటికీలోంచి పడమటి ఎరుపు ఇంకా కొంచెం ఉంది, దాంట్లో చేపల నోళ్లు కనిపిస్తున్నాయి, ఓ అని, ఓ అని, మాట రాని వాళ్లలాగా. ఏం చేయాలో ఆలోచించలేదు. గాలిమరకున్న రబ్బరు గొట్టం పీకి నోట్లో పెట్టుకుని ఊదాను. గాజుగొట్టానికి గాలి తీసుకుపోయేది అది. బలమంతా పెట్టి ఊదాను. బుగ్గలు పగిలేట్టు ఊదితే రాయిబిళ్ల నుంచి రెండు బుడగలు, అవీ ఏడుస్తూ వచ్చాయి. చెవుల్లో గంటలు మోగాయి. అంత సన్నపు చిల్లుల్లోంచి మనిషి ఊపిరి పోదు, దానికి మర కావాలి. అది వదిలి రెండోది నోట్లో పెట్టుకున్నాను. ఊదాను. చెక్కముక్కలోంచి సులువుగా, పిల్లవాడు పాలు తాగుతూ బుడగలు ఊదినట్టు, గలగలా లేచాయి. మళ్లీ ఊదాను. మళ్లీ. నా రొమ్ములోని గాలి నీళ్లలోకి వెళ్లి, మైల నెత్తినెత్తుకుని పైకి వస్తోంది. ఊపిరి పీల్చుకునే సందులో రైలు ఛార్జీ లెక్క, మళ్లీ ఊదే సందులో వదిన నవ్వు, మళ్లీ పీల్చుకునే సందులో ఆ నీళ్లు ఎంత ఎత్తున వచ్చి ఉంటాయి, తాటిచెట్టంత అన్నారు, అప్పుడామె ఏం పట్టుకుని ఉంటుంది, ఊపిరి ఎంతసేపు బిగపట్టి ఉంటుంది. ఊదు. ఆలోచించకు, ఊదు.

"ఏంది పెద్దాయన, చీకట్ల హుక్కా తాగుతున్నవా?" గుమ్మంలో రుక్కమ్మ. చేతిలో లాంతరు, కరెంటు పోయిందని తెచ్చింది. నేను నోట్లోంచి గొట్టం తీయలేదు. దగ్గరకొచ్చి లాంతరు ఎత్తి తొట్టి చూసింది, నన్ను చూసింది. పొద్దున పాలు పోసిన మనిషి ఆమెకు తెలుసు, ఆ పాలు ఇచ్చిందీ తనే. అర్థమైనట్టుంది. గొంతు తగ్గించి, "నేను అమ్మకు ఏం జెప్ప తియ్యి. నువ్వు ఊదు. జర నిమ్మళంగ ఊదు, నువ్వు పోతే తోటకు కావలెవరు?" అని లాంతరు కింద పెట్టి వెళ్లిపోయింది. వెళ్తూ వాకిట్లో మా ఆవిడతో, "నీ మొగుడు సముద్రంతోని మాట్లాడుతున్నడమ్మా, మనతోని మాట్లాడడు గని" అంటే వినపడింది.

ఆ మాటకే కాబోలు వీరలక్ష్మి లోపలికి వచ్చింది. నేను బుగ్గలు పూరించుకుని ఉన్నాను. చవక గొట్టం పై గిన్నె అప్పటికి సగం నిండింది, తెల్లగా, పసుపు చారతో. వంగి చూసింది. లాంతరు వెలుగులో ఆమె మొహం మొహంలా లేదు. "పాలు," అంది. "నేను పోసిన పాలే. తిరగ్గొట్టేశాడాండీ? వద్దన్నాడా?" నేను ఊదడం ఆపాను. నోట్లోంచి గొట్టం తీశాను. నాకు మాటలు ఎప్పుడూ వెనకే వస్తాయి, అవసరం వెళ్లిపోయాక. అప్పుడు మాత్రం ఎక్కడినుంచో వచ్చాయి. "గుళ్లో కొబ్బరికాయ కొడితే చిప్ప మన చేతికే ఇస్తారు గదా. అది తిరగ్గొట్టినట్టా?" అన్నాను. "దేవుడు ఏదీ ఉంచుకోడే. తాకి తిరిగిస్తాడు. ప్రసాదమంటే అదే గదా" అన్నాను. ఇంత పొడుగు మాట నేను మాట్లాడి ఎన్నాళ్లయిందో. గిన్నెలో వేలు ముంచి కళ్లకద్దుకుని నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు, చేదు, నీచు. మింగాను. అది నా గొంతు దిగడం ఆమె చూసింది. తర్వాత తనూ వేలు ముంచింది, కళ్లకద్దుకుంది, నాలుకకు తాకించుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. "నువ్వు ఉపవాసం" అన్నాను. ఆమె పెదవి వణికి, నవ్వుగా మారి, మళ్లీ వణికింది. "మరి మీరు ఊదడమెందుకు?" అని అడిగింది. "ప్రసాదం పైకి రావాలిగా" అన్నాను. కొంతసేపు నా పక్కన కూర్చుని చూసింది. నాకు ఆయాసం వచ్చి భుజాలు ఎగురుతున్నాయి. గొట్టం నా చేతిలోంచి తీసుకుని, కొంగుతో తుడుచుకోకుండానే నోట్లో పెట్టుకుంది. "ఇటివ్వండి. మీకంటే నాకే ఊపిరెక్కువ. చిన్నప్పుడు నేనూ అక్కయ్యా మునిగి పందెం వేసేవాళ్లం. ఎప్పుడూ అదే గెలిచేది" అంది. అని, ఆ మాట విని తనే ఆగిపోయింది. ఎప్పుడూ అదే గెలిచేది. ఇద్దరం ఆ మాట కిందే కూర్చున్నాం. తర్వాత ఆమె ఊదింది. ఆమె ఆపితే నేను, నేను ఆపితే ఆమె. గిన్నె నిండినప్పుడల్లా నేను తీసుకెళ్లి తులసికోట పాదులో పోసి వచ్చాను, కాళ్ల కింద పడకుండా. చంద్రుడు బండల మీదికి వచ్చాడు. దీపాలు ఆలస్యమయ్యాయి, ఆమె లేవలేదు. ఎప్పుడో గాలిమర గుర్రుమంది. గొట్టం ఇంకా ఆమె నోట్లోనే ఉంది.

తెల్లవారి చూస్తే నీళ్లు కొంచెం బూడిదరంగు, అంతే, అడుగు రాళ్లు కనపడుతున్నాయి. చేపలు కిందికి దిగి, రాయి చుట్టూ ఒకదాని వెంట ఒకటి తిరుగుతున్నాయి. పీత కూడా రాయి దిగింది. వీరలక్ష్మి మోకాళ్ల మీద కూర్చుని చూసి నవ్వింది. ఈ వారంలో అదే మొదటి నిండు నవ్వు. "బతికాయండీ. అక్కయ్య ఉంది. నేను చెప్పానా?" అంది. ఆ నవ్వు చూసి నాకు రాత్రంతా లేని భయం వేసింది. చేపలు చస్తే ఎలాగా అని నిన్నటిదాకా అనుకున్నాను, బతికితే ఎలాగో అనుకోలేదు. వేలంత చేప మీద మనిషి ప్రాణం ఎంతకాలం నిలబెడతాం. జర్మనీ గొట్టం నీళ్లలోంచి తీసి తుడిచాను. చవకది ఉంచాను. కరెంటు పోతే ఎలా ఊదాలో ఆమెకు చూపించబోతే, "నాకు చూపిస్తారా, రాత్రి ఎవరు ఊదారు?" అంది. సంచిలో పంచె పెట్టుకోవడం చూసి, అప్పుడు అడిగింది, "ఎక్కడికి?" అని. "దివికి" అన్నాను. ఆమె చేతిలో గిన్నె కింద పెట్టేసింది. "ఒకవేళ..." అని ఆగింది. "ఏదున్నా నేనే వచ్చి నోటితో చెబుతాను. తంతి ఇవ్వను" అన్నాను. తల ఊపింది. రాత్రి మిగిలిన నేతి అట్లు రెండు ఆకులో కట్టి ఇచ్చింది, ఒకటి నాకనీ, ఒకటి అక్కయ్యకనీ. తీసుకున్నాను.

నర్సింహ అప్పుడే కొట్టు తెరుస్తున్నాడు. గాజుగొట్టం అప్పజెప్పి, చవకదాని డబ్బు ఇచ్చాను. "జర్మనీది పని జెయ్యలేదా?" అన్నాడు. చేసిందన్నాను. అక్కడినుంచి స్టేషనుకు నడిచి, బెజవాడకు టిక్కెట్టు తీసుకుని, బండి ఎక్కి కూర్చున్నాను. ఎదుటి బల్ల మీద ఒక మనిషి, గడ్డం పెరిగి, ఒళ్లో ఏమీ లేకుండా రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తున్నాడు. అతను నన్ను చూడలేదు. బండి కదిలింది. తర్వాత ఆకు విప్పి, నాకని కట్టిన అట్టు అతని ముందు పెట్టి, "మీదీ దివేనా అండీ?" అని నేనే ముందు పలకరించాను.